నిద్రపోయే స్త్రీ కావలెను

అసురసంధ్య వేళ... 2013 ఆగస్టు అమావాస్య!

అమెరికాలోని క్యారీ ఊరి మీద కారుమేఘాలు కమ్ముకొచ్చాయి. ఫెళఫెళమని పిడుగు! ఇంటి వెనక పైన్ చెట్లలో గుడ్లగూబ కూసింది. వెలుతురు ఇంకా పోకముందే అది కూసిందంటే కీడేనని వేరే చెప్పాలా?

రాగిణికి ఇవేవీ పట్టలేదు. విక్టోరియా రాణి కాలంనాటి లండన్ వినోదాల మీద ఆమె పరిశోధన. డిజిటల్ ఆర్కైవ్‌లో పాత కరపత్రాలు తిరగేస్తూ, కంప్యూటర్ చదవలేక వదిలేసిన మాటలు టైప్ చేస్తుంది. ఆ సాయంత్రం తెర మీదికి మోర్డాంట్ అనే మాంత్రికుడి కరపత్రం వచ్చింది. వాడి చేతిలో కపాలం... పక్కన ఖాళీ కుర్చీ... అడుగున "నేడు నిద్రపోయే స్త్రీ" అని ఉండి, ఎదురుగా పేరుకి ఖాళీ!

సరిదిద్దినవాళ్ళ పేరు అడుగుతోందనుకుంది పాపం. ప్రతి పేజీకీ రాసే అలవాటే కదా! 'రాగిణి' అని కొట్టేసింది.

అంతే...! కపాలం కళ్ళు భగ్గుమన్నాయి. రాగిణి తల వెనక్కి వాలిపోయింది. ఆమె నోట ఒక మగగొంతు వికటాట్టహాసం చేసింది.

"ఇన్నేళ్ళకి దొరికింది! చీకటి పడేలోగా దీని ప్రాణం నాది!"

అప్పుడే ఆఫీస్‌నుంచి వచ్చిన ఆమె భర్త వేణుమాధవ్ పరుగున వచ్చి ఆమెను పట్టి కుదిపాడు. "రాగిణీ! లేవవే, ప్లీజ్!" సాయం కోసం నైన్ వన్ వన్‌కి కాల్ చేస్తే ఫోన్‌లోనూ ఆ నవ్వే! తెర మీది కుర్చీలో రాగిణి రూపం మెల్లగా తేలుతోంది. ఆ పేరు చెరిపేశాడు... మళ్ళీ అదే పేరు వచ్చి కూర్చుంది!

అయితే అక్కడ అసలు ఉండాల్సింది ఎవరి పేరు? కరపత్రం మీది తేదీ చూసి, ప్రదర్శన మర్నాటి పత్రికలు ఆర్కైవ్‌లో సెర్చ్ చేశాడు. మూలన మూడు వాక్యాల వార్త దొరికింది. మోర్డాంట్ నిద్రపుచ్చిన ఎలెన్ ప్రాట్ మరి లేవలేదు. శవం కోసం ఎవరూ రాలేదు.

ఆ ఖాళీలో ఎలెన్ పేరు కొట్టాడు. "ఎలెన్ తల్లీ! నీకు దణ్ణం పెడతా, నా రాగిణిని విడిపించు!"

దిక్కులు దద్దరిల్లాయి! జుట్టు విరబోసుకుని, నిప్పులు కురిసే కళ్ళతో కుర్చీలోంచి లేచింది ఎలెన్!

"నిద్రపో!" అని కేకపెట్టాడు మోర్డాంట్. "నా ఆజ్ఞ! నిద్రపో!"

"పడుకున్నది చాలు!"

ఆమె చెయ్యి వాడి గొంతు మీద పడింది. కపాలంతో సహా భస్మం...!

రాగిణి కళ్ళు తెరిచింది. వేణుమాధవ్ బావురుమని ఆమెను గుండెలకి హత్తుకున్నాడు.

"ఆవిడే తట్టి లేపింది వేణూ," అంది రాగిణి నీరసంగా. "తనని మాత్రం ఆ రోజు ఒక్కరూ లేపలేదట."