చల్లారని తొట్టి

కొండమీది చెక్కింటి వెనక ఒక మరుగుదొడ్డి ఉంది. చీకటిపడ్డాక ఆ ఛాయలకి పోకూడదంటారు. దాని వెనక నుంచి తెల్లగా ఒక ఆడమనిషి లేస్తుందట... లేచి, అలా పైకి, పైపైకి...

చూసినవాళ్ళు ఆరడుగులన్నారు. నా దగ్గరికొచ్చేసరికి పదకొండయింది. కోరపళ్ళు కూడా నేనే పెట్టాను. ఏం చెయ్యను? కొండకింద చివరి ఇల్లు నాది. పైకి పోయే ప్రతివాడూ నా గుమ్మం దగ్గర ఆగి అడుగుతాడు. అడిగినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం నాకు చేతకాదు.

చివరికేమైంది? కొండెక్కే నరమానవుడు లేకుండా పోయాడు. పైన వడ్రంగి ఒక్కడే మిగిలాడు. ఆ పాపంలో సగం నాదే.

ఆ ఇంటికి కరెంటు తీగ లేదు, నీళ్ళ గొట్టం లేదు. మరుగుదొడ్డి కూడా అతని చేతిపనే. నీళ్ళు పొయ్యక్కర్లేదు. పని కాగానే మగ్గుడు రంపపు పొట్టు చల్లడమే. వడ్రంగింట్లో పొట్టుకేం కరువు! కింద బక్కెట్టు నిండితే వెనకున్న చెక్కతొట్టిలో కుమ్మరించాలి. తొట్లు రెండు. ఒకదాన్ని ఏడాది పొడుగునా నింపి మూతపెట్టి, మరో ఏడాది దాని జోలికి పోకుండా వదిలేస్తే అదే చల్లారి మన్నయిపోతుంది. ఈలోగా రెండోది నింపుకోవాలి.

అతని భార్యని మేమంతా బుడ్డక్క అనేవాళ్ళం. ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. ఈ మహానుభావుడేమో కూర్చునే దిమ్మని తన మోకాళ్ళకి కొలిచి కట్టాడు! ఆవిడ కూర్చుంటే కాళ్ళు గాల్లో ఊగేవి. "సింహాసనం కట్టావు గానీ నిచ్చెన మర్చిపోయావయ్యా!" అని ఆవిడ అరిచిన అరుపు రెండు మైళ్ళు దాటి నా వంటింట్లో వినపడింది. మర్నాడే పాదాల కిందికి ఒక చిన్న పీట చేసిపెట్టాడు.

బుడ్డక్క ఒక చలికాలంలో పోయింది. ఆ తర్వాతి చలికాలం వడ్రంగికి నెమ్ము చేరి, చావు గుమ్మం తట్టి తిరిగొచ్చాడు. మూడో చలికాలం మొదలవుతుండగా బుడ్డక్క చెల్లెలు బస్సు దిగింది. టైలరమ్మ. బావని తనింటికి తీసుకుపోవాలని వచ్చింది. ఇంకో చలి ఆ కొండమీద గడిపితే మనిషి దక్కడని ఆమెకి తెలుసు.

నా గుమ్మం దగ్గర ఆగింది. నేనూరుకుంటానా? దెయ్యం సంగతి చెప్పాను.

"పదకొండడుగులా మామ్మా? జాకెట్టుకి ఎంత గుడ్డ పట్టిందో పాపం!" అని నవ్వుకుంటూ ఎక్కిపోయింది.

ఆ తర్వాతిదంతా ఆమె నాతో చెప్పిందే.

"సామాను సర్దు బావా. మా ఇంట్లో గొలుసు లాగితే చాలు, జలపాతమే."

"రాను."

"ఎందుకు రావు?"

"పనుంది."

"ఈ కొండమీద ఎవరికి చేస్తున్నావు పని?"

అతను దీపం వత్తి తగ్గించాడు.

నడిరేయి ఆమెకి మెలకువొచ్చింది. బయటికెళ్ళాలి. దెయ్యం గుర్తొచ్చి దుప్పటి బిగించుకుంది. ఎంతసేపని? దెయ్యం ఆగమంటుంది... కడుపు పదమంటుంది. చివరికి కడుపే గెలిచింది. లాంతరు పట్టుకుని బయల్దేరింది.

చలి... ఎముకల్లో సూదులు గుచ్చే చలి. తలుపు తీసింది. కూర్చుంది. పాదాలకి అక్క పీట తగిలింది.

పనైంది. మగ్గుతో పొట్టు తీసి చల్లింది.

అప్పుడు... వెనకనుంచి...

చర్ర్‌ర్... చర్ర్‌ర్...

ఏదో తవ్వుతున్న చప్పుడు. ఆగింది. తర్వాత ఒక గుసగుస—

"చలేస్తోందా...? ఉండు... ఇదిగో, ఇప్పుడే..."

చెక్కల సందులోంచి చూసింది. తెల్లగా... నేలలోంచి లేస్తోంది. నడుము లేదు, కాళ్ళు లేవు. లేస్తూనే ఉంది... పైకి... ఇంకా పైకి...

లాంతరు చేతిలోంచి జారి ఆరిపోయింది.

కానీ ఆ గుసగుస... మగగొంతు. దెయ్యం ఆడది కదా!

బయటికొచ్చి, గోడ తడుముకుంటూ మరుగుదొడ్డి వెనక్కి నడిచింది.

మూతపెట్టి ఉండాల్సిన పాత తొట్టి తెరిచి ఉంది. పక్కన ఒక దీపం, ఒక పార, ఇంత పచ్చగడ్డి. గుప్పుగుప్పున ఆవిరి. ఆ ఆవిరి నడుమ మోకాళ్ళమీద కూర్చుని, మోచేతులదాకా ఎరువులో పెట్టుకుని—

"బావా...?"

అతను ఉలిక్కిపడలేదు. చేతులు తియ్యలేదు.

"మీ అక్క పోయిన రోజు దీనికి మూతపెట్టాను," అన్నాడు మెల్లిగా. "మేమిద్దరం కలిసి బతికిన ఆఖరి ఏడాది ఇందులో ఉంది. ఆ రాత్రి దాని పాదాలు చల్లబడిపోతుంటే తెల్లవార్లూ రుద్దాను... వేడెక్కలేదమ్మా. ఇదైతే... గడ్డి వేసి తిరగేస్తే వేడెక్కుతుంది. రోజూ వేడెక్కుతుంది. వదిలేశానంటే చల్లారిపోతుంది. మన్నైపోతుంది."

అతను ఇంట్లో చెప్పిన పని అదీ.

టైలరమ్మకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "అక్క బతికుండగా ఎప్పుడైనా కాళ్ళు ఇంత పట్టావా బావా?"

అతను చేతులు ఎరువులో ఇంకాస్త లోపలికి పెట్టాడు.

"పట్టలేదు... పీట చేశాను."

ఆమె పక్కన కూలబడింది. తనూ చెయ్యి పెట్టింది. పక్కలో పడుకున్న మనిషి వీపు ఎంత వెచ్చగా ఉంటుంది? అంత వెచ్చగా ఉందట.

తర్వాత లేచి పార తీసి, దూరంగా పారేసింది. "ఇది చల్లారేదాకా నేనూ ఇక్కడే ఉంటా. ఒక్కడివే చూడక్కర్లేదు."

పదహారు రాత్రులు ఇద్దరూ దాని పక్కన కూర్చున్నారు. రోజూ చేతులు పెట్టి చూడటం... వేడి, వెచ్చన, గోరువెచ్చన... పదహారో రాత్రి చేతికి చల్లటి మన్నొచ్చింది. మూతపెట్టింది టైలరమ్మే. అప్పుడేడ్చాడట వడ్రంగి, రెండేళ్ళ ఏడుపూ ఒక్కసారే.

మర్నాడు పొద్దున ఇద్దరూ దిగొచ్చారు. పెట్టె ఆమె మోస్తోంది. అతని చంకలో ఆ పీట, అంతే.

"నీ దెయ్యం ఉత్త ఆవిరి మామ్మా," అంది టైలరమ్మ. నాకు తలెత్తబుద్ధి కాలేదు. వాళ్ళు బస్సెక్కేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కిటికీ తీసి పైకి చూశాను. రెండు మైళ్ళన్నానా? కాదు, కేకవేటు దూరం. వెన్నెల పిండారబోసినట్టుంది. కొండమీద పురుగు లేదు. తొట్టి చల్లారిపోయింది. చల్లారిన మన్నుకి ఆవిరెక్కడిది?

అయినా... లేచింది.

ఎత్తెంత అంటారు మీరు. పెంచి చెప్పడం నా పుట్టుబుద్ధి. ఇది మాత్రం టేపు పెట్టి కొలిచినట్టు చెప్తున్నా— ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ.

మరుగుదొడ్డి గుమ్మంలో నిలబడింది. పాదం చాపి లోపల కిందంతా తడుముతోంది... దొరకడం లేదు... మళ్ళీ తడుముతోంది...

పీట అతను పట్టుకుపోయాడు కదా.

తెల్లారగానే, ఈ అరిగిపోయిన మోకాళ్ళతో, మా వంటింటి పీట చంకలో పెట్టుకుని కొండెక్కాను. దిమ్మ ముందు పెట్టి, మగ్గుడు పొట్టు పక్కన ఉంచి, వెనక్కి చూడకుండా దిగొచ్చాను. ఆ రాత్రి నుంచి అక్కడ ఏమీ లేవలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. వడ్రంగికి చెప్పకుండా ఈ ఒక్క గింజా నానబెడుతున్నాను. మీరూ చెప్పకండి. ఆవిడకి పీట లేక వెతుక్కుందని తెలిస్తే... ఈ చలిలో మళ్ళీ కొండెక్కుతాడు.