పదో స్టడ్

“నలభై ప్రాణాలు. నలభై నిమిషాలు,” అన్నాడు చీఫ్.

ఉదయం పదీ ఇరవై. ఏసీ మెకానిక్ వేషంలో వచ్చిన ఏజెంట్ గోరింక పెట్టుడు మీసం సర్దుకున్నాడు. రెండు గదుల అవతల తిరిగే ఫ్యాన్‌కు రెక్కలెన్నో శబ్దాన్ని బట్టి చెప్పేయగల చెవులు అతనివి. నమ్మనివాళ్ళు ఫ్యాన్ ఆపి లెక్కపెట్టుకోవచ్చు!

శత్రుదేశంలో మన గూఢచారుల గుట్టు రట్టయింది. పదకొండు లోపు ‘పారిపోండి’ అన్న సంకేతం వెళ్ళకపోతే నలభై మందీ దొరికిపోతారు. అందులో గోరింక తమ్ముడొకడు. సంకేతం పంపగల కంప్యూటర్ ఒక్కటే. నిన్న దాని మదర్‌బోర్డు కాలిపోతే కొత్తది వేశారు. ఇప్పుడు ఆన్ చేస్తే ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగిపోతోంది.

“బిగించిందెవరు?”

“నేనే,” అంది టెక్నికల్ హెడ్. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, గదినిండా సెంటు. “పవర్ సప్లై పోయింది. కొత్తది మధ్యాహ్నానికి వస్తుంది. మీరు ఏసీ సంగతి చూసుకోండి.”

“ఏసీ భేషుగ్గా ఉందమ్మా. నాకే చెమటలు పడుతున్నాయి.”

పక్క కంప్యూటర్ పవర్ సప్లై తెచ్చి తగిలించాడు. అదే తంతు. పోయిందన్నది పోలేదన్నమాట! గోరింక ఆవిడ వైపు ఓరగా చూశాడు. ర్యామ్ తీసి మళ్ళీ గుచ్చాడు. కార్డులన్నీ పీకేశాడు. ఊహూఁ.

“ఇంకేం మిగిలిందయ్యా?” అన్నాడు చీఫ్ గడియారం చూసుకుంటూ.

“డబ్బా.”

బోర్డును క్యాబినెట్‌లోంచి ఊడదీసి అట్టపెట్టె మీద పెట్టి, వైర్లు కలిపాడు. స్విచ్‌కు బదులు స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులు తాకించాడు. ఫ్యాన్ తిరిగింది. రెండు సెకన్లు. మూడు. పది. స్క్రీన్ వెలిగింది!

“బయట పెడితే కాలిపోతుంది, ఆపండి!” అరిచిందావిడ.

గోరింక ఖాళీ క్యాబినెట్‌లోకి టార్చి వేశాడు. “బోర్డుకి రంధ్రాలు తొమ్మిది. కింద బోర్డును ఎత్తి నిలబెట్టే ఇత్తడి స్టడ్లు పది. ఎక్కువైంది బోర్డు వెనక తగిలి షార్టు చేస్తోంది.”

“అయ్యో! పాత బోర్డుదేమో. తీయడం మరిచిపోయాను.”

“మిగతా తొమ్మిదీ దుమ్ముకొట్టుకుని నల్లబడ్డాయి తల్లీ. ఇదొక్కటే తళతళలాడుతోంది. నిన్న మీరు బిగించిందే.”

ఆవిడ చేతిలోని లిప్‌స్టిక్ మూత ఎగిరింది. లోపల విషపు సూది! గోరింక క్యాబినెట్ పక్క రేకు అడ్డం పెట్టాడు. టంగ్! రేకును తాకి వంకరపోయిన సూది, పెట్టుడు మీసాన్ని ఎత్తుకుపోయి గోడకు దిగ్గొట్టింది. చీఫ్ ఆవిడ చెయ్యి మెలితిప్పి పట్టుకున్నాడు.

పది యాభై తొమ్మిది. గోరింకకు టైపింగ్ ఒంటివేలి విద్య. యాభై తొమ్మిదో సెకనులో ఎంటర్ నొక్కాడు.

జవాబులు రాసాగాయి. పది. ఇరవై. ముప్పై తొమ్మిది... ఆగిపోయాయి. గోరింక కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నాడు.

నలభయ్యోది వచ్చింది.

“క్షేమం. ఆఖరి సెకను దాకా సాగదీశావంటే నువ్వేనన్నమాట అన్నయ్యా. ఇంట్లో బాత్రూం దగ్గరా ఇంతే ఏడిపించేవాడివి.”