కత్తిరించిన మౌనం

కొత్తగా వచ్చిన కంప్యూటర్ సారు మొదటిరోజే క్లాసులో పెద్ద తెర పెట్టి, భిన్నాల చెక్కముక్కలున్న లెక్కల టీచరు మూలబల్ల జోలికి పోయాడు.

"ఈ చెక్కముక్కలు తీసేద్దామా టీచర్? తెరకి అడ్డొస్తున్నాయి."

"తెరనే తీసేద్దామా సార్? చెక్కముక్కలకి అడ్డొస్తోంది."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆమె చూడనట్టే సుద్దముక్క అందుకుంది.

హెడ్‌మిస్ట్రెస్ మాత్రం తేల్చి చెప్పేసింది. నెలాఖరున పాఠం చూస్తుంది. పిల్లలకు భిన్నాలు వస్తే తెర ఉంటుంది. రాకపోతే తెరా, సారూ వచ్చిన దారినే వెళ్ళిపోవాలి.

ఆయన మెట్టు దిగాడు. చూస్తే అర్థమయ్యే పిల్లలకు తెరమీద బొమ్మలు పెట్టాడు. ముట్టుకుంటే గాని బుర్రకెక్కని వాళ్ళకు చెక్కముక్కలు వదిలేశాడు. వింటే పట్టుకునే వాళ్ళకు మాత్రం హెడ్‌ఫోన్లలో టీచరు గొంతు కావాలన్నాడు.

"నా గొంతెందుకు? మీకు లేదా?"

"నాది వింటే నాకే నిద్రొస్తుంది టీచర్."

ఆమె నవ్వు మింగేసి పాఠం చెప్పింది. ఆయన రికార్డు చేసుకున్నాడు.

నెలాఖరున వాన పడింది. తెర ముందున్న పిల్లలూ, చెక్కల దగ్గరున్న పిల్లలూ చకచకా లెక్కలు చేస్తున్నారు. హెడ్‌ఫోన్ల బల్ల దగ్గర మాత్రం అందరివీ బిక్కమొహాలే. క్లాసంతటికీ వాగుడుకాయ అయిన పిల్ల హెడ్‌ఫోన్ తీసేసింది.

"టీచర్, ఇందులో మీరు పరిగెత్తుతున్నారు!"

ఆమె చెవికి పెట్టుకుని వింది. 'సగంలో సగం ఎంత?' అన్న మాట పూర్తవుతూనే 'పావు' అని తన గొంతే జవాబు చెప్పేసింది.

"మధ్యలో నేను ఆగాను కదా. అదేమైంది?"

"ఖాళీగా ఉందని కత్తిరించేశాను. నీట్‌గా ఉంటుందని..."

"అది ఖాళీ కాదు సార్. పిల్లలు ఆలోచించేది అక్కడే."

గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్ గొంతు సవరించుకుంది. ఆయన తల వంచుకున్నాడు. టీచరు ఊరుకుంటే చాలు, రేపటికి గదంతా ఆమెదే.

"మేడమ్, ఒక్క గంట ఇవ్వండి," అంది టీచరు.

ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని, తీసేసిన మౌనాలన్నీ ఒక్కొక్కటే తిరిగి అతికించారు.

"ఇంత చాలా?"

"ఇంకాస్త. వాగుడుకాయకి నోరు ఆగాలి, తర్వాత బుర్ర కదలాలి."

గంట తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఆ వాగుడుకాయ గది అదిరేలా "పావు!" అని అరిచింది. వెనకే మిగతావాళ్ళూ అందుకున్నారు.

"తెర ఉండనివ్వండి," అంది హెడ్‌మిస్ట్రెస్. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మూలబల్ల కూడా."

సాయంత్రం బడి ఖాళీ అయింది. వరండాలో వాన తగ్గేదాకా ఇద్దరే నిలబడ్డారు.

"టీచర్, మా అమ్మని మీ ఇంటికి పంపుదామనుకుంటున్నాను. పెళ్ళి మాటలకి. మీకు ఇష్టమేనా?"

ఆమె పలకలేదు. చూరు నుంచి నీళ్ళు జారుతున్నాయి. ఏదో ఒకటి అనబోయి ఆయన నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. ఈసారి ఆ ఖాళీని ముట్టుకోలేదు.

చాలాసేపటికి ఆమె గొడుగు విప్పింది.

"పంపండి. మీరూ రండి. మా నాన్న వింటే అర్థం చేసుకునే రకం కాదు, చూడాల్సిందే."