కార్డు కార్డుకీ ఏడు సెకన్లు

పొద్దున ఆరు నలభై ఒకటి. రైల్వే గేటు దగ్గర పట్టాల పక్కన శవం. సోయా గింజల టెంపె అట్లు అమ్ముకునే పొనిరాన్. సైకిలు నుజ్జయింది. గేటు తెరిచే ఉంది.

గేటు చూసేది వగియెం. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆరు పన్నెండుకు స్టేషన్ మాస్టర్ సుతోపో ఫోన్ చేసి, రైలు వెనక స్టేషన్లో ఆగిపోయింది, గేటు తెరిచే ఉంచమన్నాడని చెప్పింది. సుతోపో మాట వేరు. ఆరు ముప్పై ఒకటికి మళ్లీ చేశానన్నాడు. రైలొస్తోంది, మూసెయ్యమంటే ఆవిడ బుర్రకెక్కలేదన్నాడు.

బుర్ర కొలవడానికి యోగ్యకర్త నగరం నుంచి డాక్టర్ హెర్లాంబాంగ్ దిగాడు. కార్డుల టెస్టు. రంగును బట్టా, ఆకారాన్ని బట్టా, ఎలా పేర్చాలో చెప్పడు. తప్పో ఒప్పో అంటాడు, అంతే. మధ్యలో చెప్పకుండా రూలు మార్చేస్తాడు. మనసు దాని వెంట మళ్లాలి. వగియెం మళ్లలేదు. నలభైసార్లు తప్పన్నా రంగే పట్టుకుంది. మనసు మార్చుకునే శక్తి సున్నా అని రిపోర్టు రాశాడు.

స్కోరొచ్చాక ఎవరికీ ఇంకే రికార్డూ అక్కర్లేకపోయింది. జైలు ఖాయమన్నారు.

నాలుగో రోజు ఇన్‌స్పెక్టర్ రెత్నో అందర్నీ స్టేషన్ గదిలోకి పిలిచింది. వగియెం మూల బెంచీ మీద ఉంది. ఇక్కడే కూర్చో, లేవొద్దని సుతోపో పొద్దున్నే చెప్పాడట. ఏడుపు లేదు. పక్కన టీ చల్లారిపోయింది.

"డాక్టర్‌గారూ, స్టాప్‌వాచ్ అంకెలు చూశారా?"

"స్కోరుకి వాటితో పన్లేదండీ."

"మామూలుగా కార్డుకి రెండు సెకన్లు. మీరు తప్పన్న ప్రతిసారీ ఏడు. అంతసేపు ఏం చేసింది?"

డాక్టరు గుర్తు తెచ్చుకున్నాడు. "నా మొహం చూసింది."

"మొదటి కార్డు పెట్టిందెవరు?"

"నేనే. ఎలా పెట్టాలో చూపిద్దామని. రంగు మీద పెట్టాను."

రెత్నో కార్డుల పెట్టె తెచ్చి వగియెం ముందు పెట్టింది. "డాక్టర్‌గారి ఆర్డరు రద్దు. ఇక నువ్వే కనుక్కో."

డాక్టరు తల ఊపాడు. వగియెం ఆ మాటే తిరిగి అప్పజెప్పింది. "ఆర్డరు రద్దు. నేనే కనుక్కోవాలి."

మూడో కార్డుకి ఆకారం పట్టింది. రెత్నో రూలు మార్చింది. రెండు కార్డుల్లో అదీ పట్టేసింది.

"ఇచ్చినవాడు రద్దు చేసేదాకా ఆర్డరు ఆర్డరే. గేటు మీద బతికే పద్ధతి అది. మీరు కొలిచింది ఆవిడ బుర్రని కాదండీ, డ్యూటీని."

"నేను రద్దు చేశాగా," అని గొణిగాడు సుతోపో.

"ఫోన్ రికార్డు తెప్పించాను. ఆరు పన్నెండు తర్వాత గేటుకి ఫోనే వెళ్లలేదు."

సుతోపో కిటికీ వైపు చూశాడు. "మర్చిపోయాను," అన్నాడు.

అతన్ని జీపెక్కించారు. డాక్టరు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటికెళ్లమ్మా," అంది రెత్నో.

వగియెం కదల్లేదు. రెత్నో మొహం వైపు చూస్తూ ఉంది. ఏడు సెకన్లు.

రెత్నోకి అర్థమైంది. బయటికెళ్లి సుతోపోని బేడీలతోనే గుమ్మం దాకా తీసుకొచ్చింది.

"లే, వగియెం," అన్నాడు తల దించుకుని.

"లేస్తున్నానండీ," అంది. లేచింది.