నూరా చుట్టిన ఖాళీ

అరబ్బుల ఊరు బర్కాలో ఖర్జూర తోట చివర రెండు గదులున్నాయి. ఒకదాంట్లో తోట పనివాళ్లు నర్సింగ్, భూమయ్య ఉంటారు. పక్కదాంట్లో గోడ పొడవునా పెద్ద అద్దాల పెట్టె. అందులో, యజమాని ముద్దుగా పెంచుకునే కొండచిలువ నూరా. నడుమ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది.

భూమయ్య జ్వరంతో మంచం పట్టాడు. రేపు పొద్దున బండి పంపి ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు యజమాని. అప్పటిదాకా నర్సింగ్ తన మామను కాపాడుకోవాలి. వీసా ఇప్పించి ఈ దేశానికి తెచ్చినవాడు, నర్సింగ్‌కు ఇక్కడున్న ఒకే ఒక్క మనిషి.

"తిన్నదారా నీ బిడ్డ నూరా?" మంచం మీది నుంచి అడిగాడు భూమయ్య.

"లే మామా. ఇప్పుడు పెడ్త."

"నేను గంజి ముట్ట, అది ఎలుకను ముట్టదు. ఇద్దరం కూడబలుక్కున్నమనుకుంటరు." నవ్వబోయి దగ్గాడు.

మసీదు నుంచి పొద్దుగూకే వేళ నమాజు పిలుపు, మగ్రిబ్ అజాన్ ఆగింది. బయట చీకటి పడుతోంది. నర్సింగ్ ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డకట్టిన ఎలుకను వేడినీళ్లలో వేశాడు. చచ్చిన ఎలుకైనా ఒళ్లు వెచ్చగా ఉండాలి, అప్పుడే నూరా దాన్ని తిండి అనుకుంటుంది. ఆమె తీరు అతనికి బాగానే పట్టుబడింది. నాలుక తీరిగ్గా ఆడిస్తే ప్రశాంతంగా ఉన్నట్టు. గబగబా ఆడిస్తే వాసన పట్టినట్టు. మెడ మెలికపడి వెనక్కి లాగితే కాటుకు సిద్ధమైనట్టు. భయమేస్తే మాత్రం తల దాచుకుంటుంది.

తడి ఎలుకను ముట్టదు. తుడవాలి. చేతికందిన తువ్వాలతో గబగబా తుడిచాడు. తుడిచాక గాని చూసుకోలేదు... పొద్దుటి నుంచి మామ చెమట తుడుస్తున్న తువ్వాల అది.

ఏమవుతుందిలే అనుకున్నాడు. పట్టకారుతో ఎలుకను పట్టుకుని అద్దం జరిపాడు.

నూరా తలెత్తింది. నాలుక గబగబా ఆడింది. మెడ మెలికపడింది.

'తింటది!' అనుకున్నాడు సంబరంగా.

కాటు పడింది. ఎలుక మీద కాదు. దాని పక్కన, వట్టి గాలిలో.

గురి తప్పితే నూరా వెంటనే నోరు వదిలి మళ్లీ వెతుక్కుంటుంది. ఈసారి వదల్లేదు. రెప్పపాటులో చుట్ట మీద చుట్ట వేసి బిగించింది. చుట్టల నడుమ ఏమీ లేదు. సందుల్లోంచి అవతలి దీపం కనిపిస్తోంది. అయినా ఆ చుట్టలు ఒకదాని మీదొకటి కూలడం లేదు. మనిషి ఛాతీ అంత ఖాళీని పట్టుకుని నిలబడ్డాయి.

పక్క గదిలోంచి మూలుగు వినిపించింది.

"నర్సీ... ఊపిరాడ్తలేదురా..."

తలుపులోంచి చూశాడు. భూమయ్య రెండు చేతులతో ఛాతీ పట్టుకున్నాడు. అతను ఊపిరి వదిలాడు. ఇక్కడ చుట్ట కొంచెం బిగిసింది. మళ్లీ వదిలాడు. మళ్లీ బిగిసింది...

కొండచిలువ పట్టు ఎప్పుడు సడలుతుందో నర్సింగ్‌కు తెలుసు. లోపల గుండె ఆగాక.

పట్టకారు పారేశాడు. తల జోలికి పోకుండా తోక వైపు నుంచి విప్పాలి. తోక పట్టుకుని లాగాడు. ఒక మెలిక వచ్చింది. రెండోదాని కోసం చేయి లోపలికి పెట్టాడు.

వెచ్చగా తగిలింది.

చెమట. దాని కింద ఎముకలు... పక్కటెముకలు. లేస్తూ... పడుతూ...

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "ఇడువు తల్లీ... ఇడువు..." అని గొణుగుతూ లాగాడు. ఆఖరి చుట్ట జారింది.

పక్క గదిలో పెద్ద ఊపిరి.

అద్దం మూయకుండానే పరుగెత్తాడు. భూమయ్య లేచి కూర్చున్నాడు. నుదురు చల్లగా ఉంది.

"జ్వరం దిగిందిరా! మీదికెల్లి ఎవరో లేచిపోయినట్టున్నది. ఆ గంజి ఇటియ్యి."

నర్సింగ్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గిన్నె చేతికిచ్చి, అద్దం మూయడానికి వెనక్కి వెళ్లాడు.

నూరా పెట్టె మూలకు నక్కి ఉంది. తల మాత్రం ఎత్తి ఉంది. నేల మీద దేన్నో చూస్తోంది. నేల మీద ఏమీ లేదు. ఆమె తల మెల్లగా తిరుగుతోంది... పెట్టె ముందు నుంచి... గడప దాకా... గడప అవతలికి. పాకుతూ పోయేదాన్ని కనిపెడుతున్నట్టు.

అతని చూపు కూడా అటే పోయింది. భూమయ్య మంచం దగ్గర ఆ తల ఆగుతుందనుకున్నాడు.

ఆగలేదు. ఇంకా తిరిగింది. తిరిగి, ఆ గది అవతలి గోడ వైపు నిలిచింది. మరుక్షణం నూరా ముడుచుకుపోయి, తలను ఒంటి కింద దాచేసుకుంది.

"ఏందిరా, అట్ల కొయ్యబారిపోయినవ్?" గంజి జుర్రుతూ అన్నాడు భూమయ్య. "అలిసిపోయినవ్. ఇంక నువ్వు పండుకో."

నర్సింగ్ ఆ గోడ పక్కనున్న తన మంచం వైపు చూశాడు. దుప్పటి నడుమ పల్లం పడి ఉంది. అది లేస్తోంది... పడుతోంది...

నర్సింగ్ ఊపిరితో పాటే.