మేడమ్ బిడ్డ

"బాక్సు మర్చిపోయినవ్ షీరీన్!" అంటూ షాకేరా గేటు దాకా పరుగెత్తింది.

కూతురు వెనక్కి వచ్చి బాక్సు అందుకుని సంచిలో పెట్టుకుంది.

"ఇంటర్నల్ మార్కులు ఎప్పుడొస్తయే?"

"వస్తయిలే అమ్మీ," అంది షీరీన్ ఎటో చూస్తూ. రోజూ ఆ గేటు దగ్గర వినిపించే మాటలే ఇవి.

షాకేరా ఖమ్మం డిగ్రీ కాలేజీలో ఎడ్యుకేషన్ ప్రొఫెసరు. వచ్చే నెల నుంచి ప్రిన్సిపాల్. ఆ కుర్చీ ఆమెకు ఊరికే రాలేదు. అడవి అంచు పల్లెల పిల్లలు మొదటి ఏడే బెదిరి చదువు మానేస్తుంటే, కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ఒక సీనియర్‌ని తోడు పెట్టింది. కొత్త పిల్ల రెండు రోజులు కనబడకపోతే ఆ తోడు వచ్చి మేడమ్‌కి చెప్పాలి. ఇక ఆ పిల్ల ఊరు తల్లాడ అయినా, దమ్మపేట అయినా మేడమ్ బయల్దేరేది. తోడు పిల్లలకు ఒకటే నేర్పేది: "ఎందుకు రాలేదని అడగొద్దు. అన్నం తిన్నవా అని అడుగు. మిగతావి అవే వస్తయి."

షీరీన్‌ది కూడా అదే కాలేజీ, బీఎస్సీ మొదటి ఏడు. తల్లి స్కూటీ ఎక్కితే అందరూ చూస్తారని బస్సులో వెళ్ళేది. క్లాసులు వేరే భవనంలో కాబట్టి పగలు తల్లికి కనబడేది కాదు.

ఆ మధ్యాహ్నం షీరీన్‌కు తోడుగా పెట్టిన సీనియర్ అనిల్‌కుమార్, మేడమ్ గది గుమ్మం దగ్గర నసుగుతూ నిలబడ్డాడు.

"మేడమ్, షీరీన్‌కు జ్వరం తగ్గిందా?"

"జ్వరమేంది?"

పిల్లవాడి మొహం తెల్లబోయింది. "జ్వరమని ఫోన్ల చెప్పింది, ఇంటర్నల్స్ అయినకాడి నుంచి వస్తలేదు మేడమ్."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీ బిడ్డాయె. మీకు ఎరుక లేకుంట ఉంటదా అనుకున్న. సార్లు గూడ గట్లనే అనుకున్నరు."

షాకేరా ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఎవరి బిడ్డ తప్పిపోయినా మోగే గంట తన బిడ్డకు మాత్రం మోగలేదు. రోజూ పొద్దున బాక్సు పట్టుకుని పిల్ల ఎక్కడికి పోతున్నట్టు? ఫోన్ చేస్తే స్విచాఫ్.

భర్త సాబిర్ కుట్టుమిషన్ల రిపేరు దుకాణం మూసి కాలేజీకి పరుగున వచ్చాడు. "ఊరందరి ఇండ్లు తిరుగుతవు. నీ ఇంట్ల పిల్ల ఏడికి పోతుందో నీకెరుక లేదు!" అన్నాడు.

"నువ్వు తండ్రివి కాదా? నీకెరుకనా?"

అతను ఆమె స్కూటీ తీశాడు. ఆమె వెనక కూర్చుంది.

బస్టాండులో కంట్రోలరు ఫోటో చూసి తలూపాడు. "అవ్, ఈ పాప రోజూ భద్రాచలం బస్సెక్కుతది. కండక్టర్ నాగక్క డ్యూటీ బస్సు. అడవిల సిగ్నల్ ఉండదు మేడమ్, సాయంత్రానికి వస్తది."

భద్రాచలం! గోదావరి! వానలకు నది నిండుగా ఉంది. నిరుడు అక్కడి వంతెన మీద ఎవరో కాలేజీ పిల్ల చెప్పులు దొరికాయట. అప్పుడు షాకేరా కొత్త పిల్లలతో దాని గురించే గంటసేపు మాట్లాడింది. ఇప్పుడు ఆ చెప్పులు కళ్ళముందు నుంచి కదలడం లేదు. అవి షీరీన్‌వే అనిపించాయి. యా అల్లా, నా పిల్లను నాకియ్యి, ఇంకేమీ వద్దు అనుకుంది.

పొద్దు వాలింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. సాబిర్ ప్రతి బస్సుకూ ఎదురు పోయి, తల వంచుకుని తిరిగొస్తున్నాడు.

చివరికి బురద కొట్టుకుని భద్రాచలం బస్సు వచ్చింది. ఆడవాళ్ళు దిగారు, మూటలు దిగాయి, పిల్లలు దిగారు. షీరీన్ దిగలేదు.

షాకేరా అడ్డొచ్చినవాళ్ళను తోసుకుంటూ ఎక్కింది. వెనక సీట్లో, కిటికీకి తల ఆనించి, కదలకుండా ఉంది పిల్ల.

"షీరీన్!"

పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. బతికే ఉంది! ఆ మరుక్షణమే షాకేరా భయమంతా కోపమైంది.

"ఎందుకిట్ల చేసినవే? ఎందుకు?"

షీరీన్ కిటికీ వైపు ముడుచుకుపోయింది. "గిదే అడుగుతవని తెలుసు. ఇంటర్నల్స్‌ల అన్నీ పోయినయ్ అమ్మీ. ఊరి పిల్లలందరిని నిలబెట్టినవ్. నీ బిడ్డే పడిపోయిందంటే నిన్నేమంటరు? ఆడోళ్ళకు టికెట్ లేదు గదా, పోయొస్తున్న. బస్సుల ఎవ్వరూ మార్కులడగరు."

"మరి వంతెన కాడ..." అంది షాకేరా.

"వంతెన రాంగనే కళ్ళు మూసుకుంట. నీళ్ళు చూస్తే నాకు భయమైతది అమ్మీ. నా మీద నాకే భయమైతది."

షాకేరా పక్క సీట్లో కూలబడింది. ఎందరి గుమ్మాలు ఎక్కింది, ఎందరి పిల్లల పక్కన నేల మీద కూర్చుంది! ఈ పిల్లను మాత్రం రోజూ గేటు దగ్గర నిలబెట్టి మార్కులే అడిగింది.

"అన్నం తిన్నవా బిడ్డా?"

అంతే. షీరీన్ తల్లి ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది.

షాకేరా కూతురి సంచిలోంచి బాక్సు తీసింది. పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది. సాబిర్ నీళ్ళ సీసాతో ఎక్కి, కూతురి తల మీద చెయ్యేసి నిలబడ్డాడు. బస్సు డిపోకు పోవాలని చెప్పబోయిన కండక్టర్ నాగక్క వాళ్ళను చూసి ఆగింది. "తినుండ్రి మేడమ్, డ్రైవరుకు నేను చెప్త," అని దిగిపోయింది.

గుడ్డు పులుసన్నం చల్లారిపోయి ఉంది. షాకేరా ముద్ద కలిపి కూతురి నోట్లో పెట్టింది. ఇంకేమీ అడగలేదు.

రెండో ముద్ద మింగాక షీరీనే చెప్పడం మొదలుపెట్టింది.