వంటింటి గడియారం, పది నలభై విమానం

ఆదివారం పొద్దున మమత పప్పు కడుగుతుంటే అనసూయమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మర్నాడు ఆమె పుణే వెళ్ళాలి. కూతురు హర్షిణి తిరిగి ఉద్యోగంలో చేరుతోంది, ఏడు నెలల మనవరాలిని చూసుకోవాలి. అరవై నాలుగేళ్ళలో ఒంటరిగా విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. భయం లేదు గానీ ఒక సందేహం మాత్రం వదలడం లేదు.

“మమతా, టికెట్ మీదున్న టైముకు ఏమవుతుంది? తలుపు మూస్తారా, చక్రాలు కదుల్తాయా, పైకి లేస్తుందా?”

ఇదే ప్రశ్న కొడుకు మధుసూదన్‌నూ అడిగింది. నెలకు రెండుసార్లు విమానమెక్కే ఆ మనిషి, ఏదో ఒకటి అవుతుందిలేమ్మా అని ఆఫీసు కాల్‌లోకి వెళ్ళిపోయాడు. మమత మాత్రం ఈ ఇంట్లో పనికి చేరకముందు విమానాశ్రయంలో మూడేళ్ళు హౌస్‌కీపింగ్ చేసింది. చేతులు తుడుచుకుని మరీ చెప్పింది.

“బండి ఎన్కకు కదిలే టైమమ్మా అది. పైకి లేసేది ఇంకో పావుగంటకు. పెట్టె గంట ముందే ఇచ్చెయ్యాలె, తర్వాత తీస్కోరు. గేటు ఇరవై అయిదు నిమిషాల ముందే బంద్. విమానం అద్దంల నుంచి కనవడుతనే ఉంటది, తలుపు మాత్రం తియ్యరు. గట్ల ఏడ్చెటోళ్ళను మస్తు మందిని చూసిన.”

అనసూయమ్మకు ఈ లెక్క భలే నచ్చింది. వేళ్ళ మీద గుణించుకుంది. మధు చెప్పింది తొమ్మిది నలభై. అయితే ఎనిమిది నలభైకల్లా పెట్టె, తొమ్మిదింబావుకు గేటు. సోమవారం రాహుకాలం ఏడున్నరకు మొదలు కాబట్టి ఏడూ ఇరవైకే గడప దాటాలి. కొత్తగూడ నుంచి గంట ప్రయాణం. సరిపోతుంది. కంటితో చూసుకుంటే ఇంకా బాగుంటుందని, టికెట్ తన ఫోనుకు పంపమని కోడలు నవ్యను అడిగింది.

టికెట్ మీద పది నలభై అని ఉంది.

కంచం ముందు కూర్చున్న మనిషిని ఏమీ అనకూడదని అందరి భోజనాలూ అయ్యేదాకా ఆగింది. తర్వాత ఫోను తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

“తొమ్మిది నలభై అంటివి కదా నాయనా?”

మధు నీళ్ళు నమిలాడు. రాహుకాలం పోయాక తొమ్మిదికి బయలుదేరతానని ఆమె పట్టుబడితే పెట్టె తీసుకోరని, అందుకే గంట ముందుకు జరిపి చెప్పానని ఒప్పుకున్నాడు. అంత భయమైతే నవ్యకూ టికెట్ తీస్తానని, తోడుగా వెళ్ళి దింపి వస్తుందని అన్నాడు. చివర్న గొంతు తగ్గించాడు.

“నీ మంచికే కదమ్మా.”

“నిజం చెప్పింటే రాహుకాలం రాకముందే బయటపడే దారి నేనే చూసుకుందును. విమానం టైము కూడా నమ్మి చెప్పలేని మనిషికి పసిబిడ్డను ఎట్లా అప్పగిస్తారు? నేను పోను. హర్షిణికి చెప్పేయ్.”

మధు వంటింటి గోడ మీది గడియారం వైపు చూశాడు.

“ధర్మవరంలో నా బడి బస్సు కోసం గడియారం పది నిమిషాలు ముందుకు పెట్టింది ఎవరమ్మా? ఈ ఇంట్లో కూడా అట్లే పెట్టినావు. నాకిప్పుడు నలభై రెండేళ్ళు.”

అది నీ మంచికే అనబోయింది అనసూయమ్మ. కొడుకు నోట ఇప్పుడే విన్న మాట అది. ఏ టైము చూసినా పది తీసేసుకోవడం తనకూ అలవాటైపోయిందని నవ్య మెల్లగా చెప్పింది. అందరికీ తెలిసిన అబద్ధం ఒకటి ఇన్నేళ్ళుగా గోడకు వేలాడుతోంది. అనసూయమ్మ లేచి వెళ్ళి, తెరిచి ఉన్న పెట్టెలో చీరలు సర్దుకుంది.

సోమవారం తెల్లవారగానే స్టూలు ఎక్కి గడియారం సరిచేసింది. ఎవరికీ చెప్పలేదు. మధు కాఫీ తాగుతూ గోడవైపు చూశాడు. ఏడుంబావు. అలవాటు కొద్దీ పది తీసేసి, ఇంకో అర కప్పు పోయమని నవ్యను అడిగాడు.

“అది ఏడుంబావే మధూ. తీసేయొద్దు. లేయ్.”

అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తల్లిని చూసి, పెట్టె అందుకున్నాడు. ఇంట్లో తిరిగే చెప్పులతోనే కారెక్కాడు. నవ్యకు టికెట్ తీసే మాట మళ్ళీ ఎత్తలేదు. విమానాశ్రయం తలుపు దగ్గర, టికెట్ ఉన్నవాళ్ళనే లోపలికి పంపే చోట, తల్లి చేయి వదిలేశాడు.

లోపల మమత చెప్పినవన్నీ ఒక్కొక్కటే నిజమయ్యాయి. పది పదిహేనుకు గేటు మూశారు. కిటికీ పక్క సీట్లో కూర్చుని ఫోను ఆపేయబోతుంటే మధు మెసేజ్ వచ్చింది.

“ఎన్నింటికి దిగుతావమ్మా? హర్షిణి అడుగుతోంది.”

ఆ సంగతి అతనికి తెలుసు. టికెట్ తీసింది అతనే. అయినా తనను అడిగాడు. ఆమె కళ్ళు తడిశాయి. ఒక్కో అక్షరం వెతికి కొట్టింది.

“పన్నెండుకు. కలపలేదు, తీయలేదు.”

ఫోను ఆపేసి చేతి గడియారం చూసుకుంది. పది నలభై. విమానం మెల్లగా వెనక్కి కదిలింది.